ఒడంబడికలో హాస్యము

నవ్వు నాలుగు విధముల చేటని పెద్దలు చెప్పిరి. ఆ నాలుగు విధములేవో లెక్కించి చూపినవారు నాకు కనబడలేదు. ఒక్క విధమును మాత్రము నేను స్వయముగా ఎరుగుదును. అది దస్తావేజులో వ్రాసిన నవ్వు. వ్రాసినవాడను నేనే కనుక ఆ కథ చెప్పుటకు నాకంటె అర్హుడు లేడు.

ఈ ప్రస్తావన యిప్పుడెందుకు వచ్చెనో ముందుగా మనవి చేసెదను. ఇటీవల వాణిజ్యశాస్త్రము చదువుచున్న విద్యార్థి యొకడు నా గదికి వచ్చి యిట్లడిగెను: “సర్, వ్యాపార ఒప్పందాలు ఎవరూ చదవరు. అప్పుకాగితం గానీ, బీమా కాగితం గానీ, ఫోనులో వచ్చే షరతులు గానీ నాలుగు పంక్తులు దాటి ఎవరూ చూడరు. వాటినే కొంచెం హాస్యంగా వ్రాస్తే చదువుతారు గదా! మీరు తెలుగు చెప్పేవారు. హాస్యం ఎట్లా కలపాలో చెప్పండి.”

ప్రశ్న మంచిది. ముప్పది యేండ్లుగా పాఠము చెప్పుచున్న నాకు హాస్యరసమును గూర్చి గంటసేపు ఉపన్యసించుట కష్టము కాదు. అయినను ఆ పిల్లవానికి వెంటనే సమాధానము చెప్పలేకపోతిని. నా కనుల యెదుట మా నిజాంపేటలోని ఒక ఎఱ్ఱచెలకయు, దాని గట్టున ఒక మామిడిచెట్టును నిలిచెను.

నిజాంపేట యనగానే నేటి చదువరులు హైదరాబాదు నగరమున కూకట్‌పల్లి ప్రక్కన మేడలతో నిండిన నిజాంపేటను తలతురు. మాది అది కాదు. మెదకు జిల్లాలో రామాయంపేటకు చేరువనున్న నిజాంపేట మాది. ఈ స్పష్టీకరణము వ్యర్థము కాదు. ఒకే పేరు గల ఊళ్లు రెండున్నప్పుడు కథలో నైనచో చదువరి సందర్భమునుబట్టి గ్రహించును. దస్తావేజులో మండలము, జిల్లా వ్రాయనిచో అచ్చటనే తగవు మొలకెత్తును. నేను చెప్పబోవు కథకంతటికిని మూలము ఈ భేదమే.

అది 1991వ సంవత్సరపు వేసవి. నేను డిగ్రీ చదువుచు సెలవులకు ఊరికి వచ్చియుంటిని. పట్వారీల వ్యవస్థ 1984లోనే రద్దయినది. అంతకు పూర్వము ఊరి కాగితములన్నియు పట్వారి కలము క్రిందనే పుట్టెడివి. ఆ పిమ్మట చదువుకొన్న కుఱ్ఱవాడెవడు దొరికిన వానిచేత వ్రాయించుకొనుట అలవాటయ్యెను. తెల్లకాగితముపై వ్రాసి, వేలిముద్రలు వేయించి, సాక్షుల చేవ్రాలు చేయించిన అట్టి అమ్మకపు పత్రమునే మా ప్రాంతమున సాదా బైనామా యందురు. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము ప్రకారము నూరు రూపాయలు, అంతకు మించిన విలువగల భూమి అమ్మకము రిజిస్టరు కావలెను. కాని పట్టణమునకు పోవుటకు, స్టాంపులు కొనుటకు చేతిలో సొమ్ము లేని రైతులు మాటమీదను, తెల్లకాగితముమీదను వేల ఎకరములు చేతులు మార్చుకొనిరి. ఆ కాగితములే నేటికిని తెలంగాణమున ఎందరో చిన్నరైతులకు ఉన్న ఒక్కగానొక్క ఆధారము.

ఆనాడు అమ్ముచున్నది ఒక ముసలి రైతు. కూతురి పెండ్లికి చేసిన అప్పు తీర్చుటకై ఎకరము పది గుంటల చెలక అమ్ముకొనుచుండెను. కొనుచున్నది పొరుగు చెలకవాడే. ధర కుదిరినది, సొమ్ము లెక్కపెట్టుట అయినది, ఎల్లలు వ్రాసితిని. వేలిముద్ర వేయవలసిన సమయమున ఆ ముసలివాని చేయి ఆగిపోయెను. చెలక గట్టున మామిడిచెట్టు ఉన్నది. అది అతని తండ్రి నాటినది. భూమి పోవుచున్నదను దుఃఖమును అతడు దిగమ్రింగెను గాని చెట్టు పోవుచున్నదను దుఃఖము కంటిలో నిలిచిపోయెను. అతని భార్య గడప యవతల కొంగు నోటికడ్డము పెట్టుకొని కూర్చుండెను.

అప్పుడు నాకు, కావ్యములు చదువుచున్న ఇరువది యేండ్లవానికి, ఒక చమత్కారము తోచెను. పత్రము చివర ఈ రెండు వాక్యములు చేర్చి బిగ్గరగా చదివితిని: “కొన్నవాడు ప్రతి సంవత్సరము ఉగాదికి సదరు చెట్టుకాయలు ఒక బుట్టెడు అమ్మినవాని యింటికి నవ్వుముఖముతో చేర్చవలెను. ముఖము ముడుచుకొని చేర్చినచో సదరు చెలక మరల అమ్మినవానికే చెందును.”

అందరును గొల్లున నవ్విరి. కొన్నవాడు, “గిది రాయకపోయినా నేనియ్యనా కాకా?” అనెను. ముసలివాడు కన్నీటితోనే నవ్వి, “రాసిండు, మంచిగ రాసిండు పిల్లగాడు” అని వేలిముద్ర వేసెను. ఆ దినమున నేను పొందిన గర్వము తరువాత నా వ్యాసములు అచ్చయినప్పుడు కూడ పొందలేదు. దుఃఖించువానిని నవ్వించితిని గదా!

ఆ నవ్వు ఏమైనదో పిదప చెప్పెదను. అంతకు ముందు ఒడంబడిక భాష యెట్టిదో కొంత విచారింపవలసి యున్నది.

దస్తావేజు భాష శుష్కమైనదని అందరును నిందింతురు. అది పూర్తిగా న్యాయము కాదు. మన శిలాశాసనములు చూడుడు. అవియు ఒక విధమైన దస్తావేజులే. దానము సూర్యచంద్రులున్నంతకాలము నిలువవలెనని చెప్పుటకు ఆచంద్రార్కమను మాట వాడిరి. దానభూమిని హరించినవాడు అరువదివేల యేండ్లు అశుద్ధములో పురుగై పుట్టునని శాపము చెక్కించిరి. భూమిలోని నిధి, నిక్షేపము, జలము, పాషాణము మొదలుకొని అష్టభోగములను పేరుపేరున వ్రాసిరి. ఇందు అలంకారము లేదనగలమా? ఉన్నది. అయినను ఆ శాపము చదివినప్పుడు ఇచ్చినవాడును, పుచ్చుకొన్నవాడును, ఊరివారును ఒకే భయమునకు లోనయ్యెడివారు. నిధి యనగా పాతిన ధనమనియు, జలమనగా నీరనియు అందరికిని తెలియును. అలంకారమున్నను అర్థము ఒక్కటే.

హాస్యము అట్లు కాదు. హాస్యము వికృతినుండి పుట్టునని భరతుడు నాట్యశాస్త్రమున చెప్పెను. వేషము వికృతమైనను, మాట వికృతమైనను నవ్వు వచ్చును. మాట తన తిన్నని దారి విడిచి ప్రక్కకు జరిగినప్పుడే చమత్కారము. వినువాడు ఒక అర్థము నాశించుచుండగా రెండవ అర్థము తలుపు తట్టవలెను. ఈ రెండర్థముల విద్యలో మనకు కొఱత లేదు. పదునారవ శతాబ్దమున పింగళి సూరన రాఘవపాండవీయమని కావ్యమే వ్రాసెను. అవే పద్యములు ఒక వైపునుండి చూచిన రామాయణము, మరియొక వైపునుండి చూచిన భారతము. తెలుగువాడు గర్వింపదగిన ప్రజ్ఞ అది. కాని సూరనగారు వచ్చి నా యింటి అమ్మకపు పత్రము వ్రాసి పెట్టెదననినచో నేను చేతులు జోడించి వద్దని మనవి చేయుదును. అదే పత్రము నాకు ఒక యిల్లు, నా పొరుగువానికి మరియొక యిల్లు ఇచ్చిన గతి యేమి?

1872 నాటి భారత ఒప్పందముల చట్టము నేటికిని అమలులో ఉన్నది. దాని పదుమూడవ సెక్షనులో సమ్మతి యన నేమో చెప్పబడినది. ఇరువురు ఒకే విషయమును ఒకే అర్థములో అంగీకరించినప్పుడే అది సమ్మతి యగును. తెలుగు పంతులనైన నాకు ఆ ‘ఒకే అర్థములో’ అను మాట ముల్లువలె గ్రుచ్చుకొన్నది. నేను తరగతిలో దేనిని మెచ్చుకొందునో, దానినే ఆ చట్టము ద్వారము బయట నిలిపినది. శ్లేష కావ్యమునకు సొగసు, ఒప్పందమునకు రోగము.

అట్లని చట్టము వ్రాసినవారు నవ్వు ఎరుగనివారని అనుకొనరాదు. ఆ చట్టములోని ఉదాహరణలు చదివితిరా? ఒకడు నూరు టన్నుల నూనె అమ్మెదనని ఒప్పుకొనెను. ఏ నూనెయో తెలుపునది ఏమియు లేదు. చెల్లదు. ఒకడు తన తెల్లగుఱ్ఱమును అయిదువందల రూపాయలకో వేయి రూపాయలకో అమ్మెదననెను. ఏ ధరయో తెలియదు. చెల్లదు. రెండు సరళరేఖలు కలిసి ఒక ప్రదేశమును చుట్టివేసినచో వేయి రూపాయలిచ్చెదనని ఒకడు మాట యిచ్చెను. చెల్లదు. మంత్రశక్తితో నిధి కనిపెట్టి యిచ్చెదనని మరియొకడు ఒడంబడిక చేసికొనెను. అదియు చెల్లదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టములో ఇంకొక విచిత్రము ఉన్నది. గంటలో నూరు మైళ్లు నడవవలెనను షరతుపై ఒకడు పొలము కౌలున కిచ్చినాడట. ఆ కౌలును చెల్లదు.

ఇవి చదివి నేను నవ్వుకొంటిని. తరువాత ఆలోచింపగా ఒక సంగతి స్ఫురించెను. ఇంత హాస్యమున్నను అది ఎక్కడ ఉన్నది? ఉదాహరణలో ఉన్నది. సూత్రములో ఒక్క చమత్కారమును లేదు. సూత్రము తిన్నగా ఒకే అర్థముతో నిలిచియున్నది. దాని ప్రక్కన తెల్లగుఱ్ఱము గంతులు వేయుచున్నది. విషయము బోధపడుటకు గుఱ్ఱము ఉపకరించును. బరువు మోయునది మాత్రము సూత్రమే.

ఈ హద్దు చెరిపివేసినప్పుడు ఏమి జరుగునో షేక్‌స్పియరు ‘వెనిస్ వర్తకుడు’ నాటకములో చూపినాడు. షైలాకు తన అప్పుపత్రములో పౌను మాంసమును గూర్చిన షరతును క్రోధముతో వ్రాయించుకొనలేదు. వేడుకకే, వినోదముకొఱకే యని నవ్వుచు చెప్పి వ్రాయించుకొనెను. అంటోనియో కూడ అందులో దయనే చూచి ఒప్పుకొనెను. ఓడలు మునిగిన వార్త వచ్చిన పిదప వినోదము ఆవిరి యయ్యెను, అక్షరము మిగిలెను. పోర్షియా వచ్చి ఆ అక్షరమును మరింత గట్టిగా పట్టుకొని, మాంసమేగాని రక్తము వ్రాసిలేదని చెప్పి ప్రాణము నిలిపినది. ప్రతి నిజాంపేటకును పోర్షియా దొరకదు.

నాటకము సంగతి యట్లుండ, నిజముగా జరిగిన వ్యాజ్యము ఒకటి కలదు. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రమున 1952 డిసెంబరులో ఒక రాత్రి లూసీ యను నతడు జేమర్ అను నతని భోజనశాలలో కూర్చుండి త్రాగుచు, అతని పొలమునకు ఏబదివేల డాలర్లు ఇచ్చెదననెను. జేమరు బిల్లుకాగితము వెనుక అమ్మకపు మాటలు వ్రాసెను. అతని భార్యయు సంతకము చేసెను. ఇది పరిహాసమని భర్త ఆమె చెవిలో చెప్పెనట. మరునాడు లూసీ సొమ్ము సిద్ధము చేసికొనుటకు పూనుకొనెను. తాము హాస్యమాడితిమని, త్రాగియుంటిమని జేమరు దంపతులు మొఱపెట్టుకొనిరి. 1954లో ఆ రాష్ట్రపు ఉన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. మనసులో దాచుకొన్న ఉద్దేశము లెక్కలోనిది కాదు, మాటలును చేతలును ఎదుటివానికి ఎట్లు కనబడినవో అదియే లెక్కలోనిది. పొలము లూసీకి చెందవలసినదే.

వేరొక వ్యాజ్యములో తీర్పు తద్విరుద్ధముగా వచ్చెను. పెప్సీకో వారి ప్రకటన యొకటి 1996లో టెలివిజనులో వచ్చినది. పానీయపు సీసాలవలన కూడబెట్టిన పాయింట్లకు బహుమతులు చూపుచు, చివర డెబ్బది లక్షల పాయింట్లకు యుద్ధవిమానము అని వేసిరి. లెనార్డ్ అను యువకుడు ఏడు లక్షల డాలర్లకు చెక్కు పంపి విమానమిమ్మని దావా వేసెను. ఇది పరిహాసమని బుద్ధిగలవారెల్లరు గ్రహింతురని 1999లో న్యూయార్కు న్యాయస్థానము కొట్టివేసెను.

ఈ రెండు తీర్పులను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. యుద్ధవిమానము అసంభవము కనుక నవ్వు నవ్వుగానే మిగిలెను. పొలము అమ్ముట లోకములో నిత్యము జరుగునది కనుక నవ్వు ఒప్పందమై కూర్చుండెను. పరిహాసము ఎంత సంభావ్యమైనదో అంత ప్రమాదకరము. నా మామిడికాయల షరతు గంటకు నూరు మైళ్ల నడకవంటిదైనచో ఎవడైనను గ్రహించి త్రోసివేసెడివాడు. బుట్టెడు కాయలు, ఒక నవ్వుముఖము సాధ్యములైన విషయములు. అదే నా తప్పు.

ఇక నా విద్యార్థి వాదమునకు న్యాయము చేయవలెను. ఎవరును చదువరని వాడు చెప్పినది సత్యము. 2010 ఏప్రిలు 1న ఇంగ్లాండులో ఆటల క్యాసెట్లు, డిస్కులు అమ్ము గేమ్‌స్టేషన్ అను సంస్థ తన అమ్మకపు షరతులలో ఒక వాక్యము చేర్చినది. కొనువాడు తన అమరమైన ఆత్మను ఆ సంస్థకు అప్పగించుచున్నాడని దాని భావము. వద్దనువాడు గుర్తు పెట్టుటకు ప్రక్కన గడి యుంచిరి, గుర్తు పెట్టినవానికి చిన్న బహుమానమును ఉంచిరి. అయినను వేలమంది చూడక ఆత్మలను సమర్పించుకొనిరి. సంస్థ వారు వానిని వసూలు చేయలేదనుకొనుడు. ‘చదివితిని, అంగీకరించితిని’ అని మనమందరము దినదినము ఫోనుపై వ్రేలు వేయుచున్నాము. మొదటి మాట అబద్ధము, రెండవ మాట సంతకము.

హాస్యమువలె కనబడి మేలు చేసిన షరతు కూడ ఒకటి ఉన్నది. వాన్ హేలెన్ అను అమెరికా సంగీత బృందమువారు 1982 నాటి తమ ఒప్పందములో, మాకు తినుటకు ఎం అండ్ ఎం మిఠాయి బిళ్లలు పెట్టవలెను గాని వానిలో గోధుమరంగు బిళ్ల ఒక్కటియు ఉండరాదని వ్రాసిరి. లోకము వారిని చూచి నవ్వెను. వారి గాయకుడు తరువాత కారణము చెప్పెను. వేదిక మోయవలసిన బరువు, విద్యుచ్ఛక్తి ఏర్పాట్లు ఆ ఒప్పందములో పుటలకొలది ఉండెడివి. గోధుమరంగు బిళ్ల కనబడినచో నిర్వాహకుడు ఒప్పందము చదువలేదని తెలిసిపోవును. అప్పుడు వేదికను మరల ఆసాంతము పరీక్షించుకొనెడివారు. జాగ్రత్తగా గమనింపుడు. ఆ షరతు విని నవ్వు వచ్చును గాని దానిలో రెండర్థములు లేవు. బిళ్ల ఉన్నదా, లేదా? అంతే. అది నవ్వు పుట్టించు షరతే గాని, నవ్వుకొఱకు వ్రాసిన షరతు కాదు.

ఇప్పుడు నా చెలక కథకు వచ్చెదను.

ముసలి రైతు కొన్నేండ్లకు కాలము చేసెను. కొన్నవాడును పోయెను. వారి కొడుకుల కాలమునను బుట్ట ఆ యింటినుండి ఈ యింటికి ఉగాది ఉగాదికి పోవుచునే యుండెను. తరువాత ఒక గాలివానకు మామిడిచెట్టు కూలెను. బుట్ట ఆగెను. భూముల ధరలు పెరిగెను. 2016లో తెలంగాణ ప్రభుత్వము సాదా బైనామాలను క్రమబద్ధీకరించుటకు దరఖాస్తులు కోరగా, కొన్నవాని కొడుకు నా చేతివ్రాతతోనున్న పసుపుపచ్చని కాగితమును తీసికొని దరఖాస్తు పెట్టెను. విచారణలో అమ్మినవాని కొడుకునకు నోటీసు అందెను.

అతడు వచ్చి రెండు మాటలు చెప్పెను. “ఏటేట కాయలిచ్చిండ్రు. అమ్మిన భూమికి ఎవరన్న ఏటేట ఇస్తరా? ఇది అమ్మకం కాదు, కౌలు” అనునది మొదటి మాట. “కాయలు బంద్ చేసిండ్రు. కాయలే ఇయ్యనోళ్లు నవ్వుకుంట ఇచ్చినట్టెట్లయితది? కాగితంల రాసినట్టు చెలక మాకు వాపసు రావాలె” అనునది రెండవ మాట.

పాఠకులారా, ఆ రెండు మాటలలో దురాశ యుండవచ్చును. కాని తర్కములో లోపము లేదు. అతడు చదివినది నేను వ్రాసినదే. ఆనాటి కన్నీరు కాగితములో లేదు, గొల్లున నవ్విన నవ్వు కాగితములో లేదు. ఉన్నది షరతు మాత్రమే. వ్రాతపూర్వకమైన ఒప్పందములోని నిబంధనలను నోటిమాటతో మార్చరాదనునది సాక్ష్యచట్టమున పాతకాలమునుండి వచ్చుచున్న నియమము. 1872 నాటి చట్టమునకు బదులుగా 2024 జూలై 1 నుండి భారతీయ సాక్ష్య అధినియమము అమలులోనికి వచ్చినను ఆ నియమము అట్లే నిలిచియున్నది.

కాగితము వ్రాసినవాడను కావున నన్ను పిలిపించిరి. విచారణాధికారి ఆ రెండు వాక్యములను నెమ్మదిగా చదివెను. అప్పటివలె ఎవరును నవ్వలేదు. “ఇది షరతా? పరిహాసమా?” అని ఆయన అడిగెను. పరిహాసమంటిని. “పరిహాసమని కాగితంలో ఎక్కడ ఉంది?” అనెను. నేను మాటలాడలేదు. తరగతి గదిలో వేలమంది విద్యార్థులకు హాస్యమును వివరించినవాడను, నేను వ్రాసిన హాస్యమును వివరించుటకు మాట లేక నిలబడితిని. స్మితము, హసితము, విహసితము, ఉపహసితము, అపహసితము, అతిహసితము అని నవ్వు ఆరు విధములని భరతుడు చెప్పెను. ఏ నవ్వుతో బుట్ట చేర్చవలెనో, ఆ నవ్వును కొలుచు అధికారి యెవరో, చెట్టు కూలినచో ఏమి చేయవలెనో నా పత్రములో లేదు. ఎకరము పది గుంటల మీద బ్రతుకుచున్న ఒక కుటుంబము నా ముఖమువైపు చూచుచుండెను. వారి ముఖమున ఆరింటిలో ఏ నవ్వును లేదు.

అప్పుడు మూలనుండి అమ్మినవాని భార్య లేచెను. ఎనుబది దాటిన ముసలిది. కొడుకు వలదని చేయి పట్టుకొన్నను విడిపించుకొని ముందుకు వచ్చెను. “సారూ, చెట్టు పోతున్నదని మా ముసలోడు ఏడుస్తుంటే గీ పిల్లగాడు నవ్విపిచ్చిండు. అంతే. భూమి అమ్మినం, పైసలు తీసుకున్నం, బిడ్డ పెండ్లి అప్పు కట్టినం. కాయలు ఇచ్చినా అమ్మినట్టే, ఇయ్యకున్నా అమ్మినట్టే” అనెను. ఏబదికి దగ్గరపడుచున్న నన్ను ఆమె పిల్లగాడని పిలిచెను. అది విని ఇద్దరు ముగ్గురు నవ్విరి. కొడుకు తల దించుకొనెను. ఆమె చెప్పినది వ్రాసికొని వేలిముద్ర తీసికొనిరి, కొడుకును సంతకము చేసెను. అభ్యంతరము తొలగినది.

నా హాస్యము చేసిన చేటును ఒక నిరక్షరురాలి సత్యము బాపినది. ఆమె అప్పటికి జీవించియుండుట నా అదృష్టము. ఆమె రెండేండ్లు ముందుగా కన్నుమూసియున్నచో ఆ చెలక యేమయ్యెడిదో తలచుకొన్నప్పుడు నాకిప్పటికిని నిద్ర పట్టదు.

కావున నా విద్యార్థికి ఆలస్యముగానైనను ఇచ్చిన సమాధానమిది. నాయనా, ఎవరు ఎంత చెల్లించవలెను, ఎప్పటికి చెల్లించవలెను, చెల్లించనిచో ఏమగును అను వాక్యములలో హాస్యమును చొరనీయకుము. అచ్చట మాట పట్టాలమీది బండివలె తిన్నగా పోవలెను. ఆ వాక్యములను చిన్నవి చేయుము. వాడుకలోనున్న తెలుగులో వ్రాయుము. పెద్ద అక్షరములలో అచ్చువేయింపుము. చదువురానివానికి చదివి వినిపింపుము. జనులు చదువకపోవుటకు కారణము హాస్యము లేకపోవుట కాదు, అర్థము కాకపోవుట. నవ్వింపవలెనని యున్నచో ఆ షరతు ప్రక్కన ఉదాహరణ వ్రాసి నవ్వింపుము. తెల్లగుఱ్ఱమును తెచ్చి కట్టుము. ఉదాహరణ వేరు, షరతు వేరు అని స్పష్టముగా గీత గీయుము.

ఇంకొక మాట. ఒప్పందములో ఇరుపక్షములు సమబలులుగా ఉండుట అరుదు. అప్పిచ్చువాడు పరిహాసమాడినచో అప్పు తీసికొనువాడు నవ్వక తప్పదు. ఆ నవ్వు ఆనందమో, అవసరమో ఎవరు చెప్పగలరు? షైలాకు వేడుకయని అన్నప్పుడు సొమ్ము అవసరమైనవాడు అంటోనియో. ఒప్పందములను చూచి నవ్వుట సాహిత్యము పని. గురజాడవారు కన్యాశుల్కములో పిల్లల పెండ్లి బేరములను చూపి తెలుగుదేశమును నవ్వించిరి. ఆ నవ్వు బేరమాడువారి గర్వమును దించినది. ఒప్పందములో కూర్చుండి నవ్వుట మాత్రము బలవంతునికే లాభము.

ఈ మాటలు విని నా విద్యార్థి, “అయితే సర్, మీరు ఆ ముసలాయనను నవ్వించటం తప్పేనా?” అని అడిగెను. కాదంటిని. నోటితో నవ్వించినచో ఏ తప్పును లేకపోయెడిది. కలముతో నవ్వించితిని.

నేటికిని సెలవులకు ఊరికి పోయినప్పుడు ఎవరో యొకరు కాగితము వ్రాసిపెట్టుమని వచ్చుచుందురు. రిజిస్టరు చేయించుకొనుడని మొదట చెప్పుదును. చేతిబదులు కాగితమో, ఇంటి అద్దె కాగితమో అయినచో వ్రాసిపెట్టుదును. ఊరు, మండలము, జిల్లా వ్రాయుదును. అంకెలలోను అక్షరములలోను సొమ్ము వ్రాయుదును. రెండుసార్లు చదివి వినిపించి, ఏమి అర్థమైనదో వారి నోటనే చెప్పించుకొందును. సంతకములు అయిన పిదప కలము మూతపెట్టి జేబులో పెట్టుకొందును. ఆ తరువాత అందరును కూర్చుండి చాయ త్రాగుచున్నప్పుడు నాకు తోచిన పరిహాసము ఆడుదును.

కొన్నవాని కొడుకు ఆ చెలక గట్టున మరియొక మామిడిమొక్క నాటెను. అది కాపునకు వచ్చినదట. గత ఉగాదికి ఆ ముసలమ్మ యింటికి బుట్టెడు కాయలు పంపినాడని విని, ఏ కాగితములో వ్రాసి యున్నదని నేనడిగితిని. అతడు నవ్వెను.